సమకాలీన రష్యన్ నవలలో రాజ్యం, మతం, ఆచారం: తెలుగు అనువాద ఆవశ్యకత

వ్యాససంగ్రహం

తెలుగు పాఠకునికి విస్తారంగా పరిచయమైన రష్యా సోవియట్ కాలం నాటిది. తదనంతరం వెలువడిన మూడు నవలల్లో రాజ్యం, మతం, ఆచారం పెనవేసుకున్న తీరును వివరించి, వాటిని మూలభాష నుంచి నేరుగా తెలుగులోకి తేవలసిన అవసరాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రష్యన్ నవల, అనువాదం, గ్రామదేవత, భాషాస్తరాలు.

1. ఉపోద్ఘాతం

క్రొవ్విడి లింగరాజు గోర్కీ ‘అమ్మ’ను స్వాతంత్ర్యానికి పూర్వమే తెలుగు చేశారు. అనంతరకాలంలో ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో అనువాదకులుగా పనిచేశారు. ప్రగతి, రాదుగ ప్రచురణలు విశాలాంధ్ర ద్వారా చౌకధరలకు లభించాయి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నంతో ఆ మార్గం మూసుకుపోయింది. అయితే ఆ పుస్తకాలు ప్రభుత్వ సంస్థ ఎంపిక చేసినవి. రాజ్యహింసకు గురైనవారి కథనాలకు ఆ ఎంపికలో చోటు స్వల్పం.

2. పొలిమేర దాటిన స్త్రీ

గుజెల్ యాఖినా నవల ‘జులేఖా కళ్ళు తెరుస్తుంది’ (2015) 1930లో ఒక తాతార్ పల్లెలో మొదలవుతుంది. ముస్లిం రైతు భార్య జులేఖా, చనిపోయిన తన నలుగురు కూతుళ్ళ సమాధులను శ్మశానదేవత కాపాడేలా చూడమని పొలిమేర దేవతను వేడుకుంటూ తినుబండారం సమర్పిస్తుంది. అల్లాపై విశ్వాసానికీ ఈ మొక్కుకూ ఆమె మనస్సులో వైరుధ్యం లేదు. కులాకుల నిర్మూలనలో భర్త హతుడవుతాడు. ఆమెను సైబీరియాలోని అంగారా తీరానికి తరలిస్తారు. షోలఖోవ్ 1932లో వెలువరించిన నవల ఇదే చరిత్రను ప్రధానంగా సమష్టిక్షేత్రాన్ని నిర్మించే కార్యకర్త వైపు నుంచి చెప్పింది. యాఖినా నిర్వాసిత స్త్రీ వైపు నుంచి చెప్పింది. అయినా ఆమె ఆచారాన్ని ఆదర్శీకరించలేదు. అత్తింట దాసిగా బతికిన జులేఖా ప్రవాసంలో వేటగత్తెగా నిలదొక్కుకుంటుంది. అన్యాయమే విముక్తికి దారి కావడం ఈ నవలలోని సంకటం.

3. రాజ్యం ధరించిన మతం

పదహారో శతాబ్దంలో నాలుగో ఇవాన్ నెలకొల్పిన అంగరక్షక దళమే ఒప్రీచ్నికులు. వ్లదీమిర్ సరోకిన్ ‘ఒప్రీచ్నిక్ దినం’ (2006) వారిని సమీప భవిష్యత్తులో పునఃసృష్టిస్తుంది. వారి కార్ల ముందు కుక్క తల వేలాడుతుంది. ప్రార్థన, హత్య ఒకే దినచర్యలో ఇముడుతాయి. ఇక్కడ మతం విశ్వాసంగా కాక అధికార చిహ్నంగా మిగులుతుంది.

4. విశ్వాసం, భాష

ఎవ్గేనీ వొదొలాజ్‌కిన్ ‘లావ్ర్’ (2012) ఇందుకు భిన్నమైనది. పదిహేనో శతాబ్దపు మూలికావైద్యుడు అర్సేనీ, తాను దాచి ఉంచిన ప్రియురాలు ప్రసవంలో మరణించగా, జీవితమంతా ప్రాయశ్చిత్తంగా గడుపుతాడు. ప్రాచీన రష్యన్ సాహిత్య పండితుడైన రచయిత ప్రాచీన, ఆధునిక భాషాస్తరాలను ఒకే కథనంలో కలిపారు.

5. ముగింపు

పొలిమేరను కాచే గ్రామదేవతను ఎరిగిన తెలుగు పాఠకునికి జులేఖా మొక్కు అధోజ్ఞాపిక లేకుండానే అందుతుంది. ‘లావ్ర్’ భాషకు దీటుగా నిలపడానికి మనకు శాసనభాష, గ్రాంథికం, వ్యావహారికం ఉన్నాయి. ఆంగ్లం మీదుగా వెళితే ఈ రెండు సౌలభ్యాలనూ మధ్యలోనే కోల్పోతాం. చందానగర్‌కు చేరువలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో తులనాత్మక సాహిత్య అధ్యయనం, తార్నాకలోని ఇఫ్లూలో రష్యన్ బోధన ఉన్నాయి. తెలుగు పరిశోధకుడు, రష్యన్ నేర్చిన విద్యార్థి కలిసి ఒక్క అధ్యాయాన్నైనా మూలం నుంచి అనువదించడం ఎం.ఏ. లఘుపరిశోధన స్థాయిలోనే సాధ్యం. ఒకప్పుడు మాస్కో ఎంచి పంపినదాన్ని చదివాం. ఇప్పుడు ఎంచుకోవలసిన బాధ్యత మనదే.