మిండనావో: జనసంఖ్యా, సరిహద్దులూ

ఒక ప్రాంతం వేరుపడాలనే ఉద్యమానికి ప్రజామద్దతు ఎంత అని అడగగానే మరో ప్రశ్న తలెత్తుతుంది: ఆ ప్రాంతపు ప్రజలంటే ఎవరు? దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని మిండనావో, సులూ దీవుల చరిత్ర ఈ రెండో ప్రశ్నతోనే ముడిపడి ఉంది.

20వ శతాబ్ది ఆరంభంలో అక్కడ మోరో ముస్లిములే అధిక సంఖ్యాకులు. 1913 నుండి అమెరికన్ పాలకులు కొటబాటో లోయలో వ్యవసాయ వలస కేంద్రాలు నెలకొల్పారు. 1946లో స్వాతంత్ర్యం వచ్చాక ఏర్పడిన ప్రభుత్వాలు కూడా వలసలను ప్రోత్సహించాయి. లుజోన్, విసయాస్ దీవుల నుండి క్రైస్తవ రైతులు లక్షలాదిగా తరలివచ్చారు. పట్టా ఉన్నవానిదే భూమి అయింది. తాతల నాటి సాగే తప్ప కాగితం లేని మోరోలు నష్టపోయారు. వచ్చినవారిలోనూ అత్యధికులు నిరుపేదలే. నేడు మిండనావో జనాభాలో ముస్లిములు దాదాపు నాలుగింట ఒక వంతు మాత్రమే.

1970వ దశకంలో నూర్ మిస్వారి నాయకత్వాన మోరో జాతీయ విముక్తి సంస్థ స్వతంత్ర రాజ్యం కోసం ఆయుధం పట్టింది. 1976 నాటి ట్రిపోలీ ఒప్పందంలో 13 ప్రావిన్సులకు స్వయంపాలనతో సరిపెట్టుకొనేందుకు అంగీకరించింది. ఆ స్వయంపాలనపై 1989లో 13 ప్రావిన్సులు, 9 నగరాలలో వేర్వేరుగా ఓటింగు జరుపగా చేరడానికి సమ్మతించినవి నాలుగు ప్రావిన్సులే. ఇందులో ఆశ్చర్యం లేదు. జాబితాలోని అధిక భాగంలో అప్పటికే క్రైస్తవులు మెజారిటీ. ఉద్యమం కోరిన పటానికీ, దానికి ఓటు వేయగల జనానికీ పొంతన లేదు.

2019లో కొత్త బంగ్సామోరో ప్రాంతం కోసం జరిగిన ఓటింగులో ఇది మరింత స్పష్టమైంది. ఉత్తర లానావో ప్రావిన్సులో ముస్లిములు అధికంగా గల ఆరు మునిసిపాలిటీలు చేరుతామన్నాయి. మిగిలిన ప్రావిన్సు వద్దన్నది. రెండు చోట్లా సమ్మతి అవసరం కనుక ఆ ఆరూ బయటే ఉండిపోయాయి.

అయితే మతపరమైన సంఖ్యాబలమే సమస్తాన్నీ నిర్ణయిస్తుందనుకుంటే సులూ అడ్డు వస్తుంది. అక్కడి ప్రజలు దాదాపు అందరూ ముస్లిములే. అయినా 2019లో సుమారు 1,37,000 మంది సమ్మతించగా 1,63,000 మంది వ్యతిరేకించారు. సులూలో తౌసుగ్ భాషీయులు అధికులు. కొత్త ప్రాంతపు పగ్గాలు చేపట్టనున్న మోరో ఇస్లామిక్ విముక్తి సంస్థలో మగిందనావో వారిది పైచేయి. స్థానిక నాయకుల వ్యతిరేకత కూడా తోడయింది. పాత స్వయంపాలిత ప్రాంతమంతటినీ ఒకే యూనిట్‌గా లెక్కించినందున సులూ ఇష్టం లేకుండానే చేర్చబడింది. ప్రావిన్సు వేసిన పిటిషన్‌పై 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని బంగ్సామోరో నుండి తొలగించింది.