ఒళ్లు చేయడం వేరు, బలం రావడం వేరు

కిడ్నీ మార్పిడి చేయించుకుని మాచర్లకో గురజాలకో తిరిగొచ్చిన మనిషిని ఆరు నెలల తర్వాత చుట్టాలు చూస్తే, "బాగా ఒళ్లు చేశావు, ఇక ఫర్వాలేదులే" అంటారు. ఆ మనిషేమో డాబా మెట్లెక్కితే రొప్పుతుంటాడు. కాటా చూపే బరువులో కండ ఎంత, కొవ్వెంత, నీరెంత అన్నదే ఇక్కడ అసలు లెక్క.

కండ కరగడం ఆపరేషన్‌కు చాలా ముందే మొదలవుతుంది. కిడ్నీలు చెడితే రక్తంలో పేరుకునే మలినాలు ఆకలిని చంపుతాయి, ఆమ్లం కండను తింటుంది. పైగా ఒక్కో విడత డయాలసిస్‌లో సుమారు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు బయటికి పోతాయి.

కొత్త కిడ్నీ పనిచేయగానే నోటికి రుచి తిరిగొస్తుంది. అయితే దాన్ని పరాయిదిగా ఎంచి రోగనిరోధక శక్తి దాడి చేయకుండా మందులు వాడాలి. వాటిలో ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, కండలోని ప్రోటీన్‌ను విడగొడుతుంది, కొవ్వును మొహానికీ పొట్టకూ చేరుస్తుంది. అందుకే మొహం గుండ్రంగా నిండినా తొడలు సన్నగానే ఉంటాయి.

తొలి వారాల్లో గాయం మానడానికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.3 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 80–90 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల జొన్నపిండిలో దాదాపు 10 గ్రాములు ఉంటుంది. జొన్నరొట్టెకు తోడు పప్పు, గుడ్డు, చేప ఉంటేనే లెక్క నిండుతుంది. తర్వాత ఎంత తగ్గించాలో డాక్టరు చెబుతారు. కాచని పాలు వద్దు. టాక్రోలిమస్ వాడేవారు పంపరపనసకు దూరంగా ఉండాలి, అది రక్తంలో మందు మోతాదును పెంచగలదు.

తిండి సరుకు మాత్రమే ఇస్తుంది, కండ కట్టేది కదలిక. నడక ఆసుపత్రిలోనే మొదలవుతుంది. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండు బిందె ఎత్తకూడదు, కుట్ల దగ్గర హెర్నియా రావచ్చు. మిర్చి బస్తా ఎత్తే మాట ఇంకా తర్వాత. ఆపైన డాక్టరు సరేనన్నాక కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, చిన్న బరువులు ఎత్తడం మొదలుపెట్టాలి.

గుండె మార్పిడిది ఇంకో కథ. 2016లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం ఈ ఆపరేషన్ చేసింది. అమర్చేటప్పుడు కొత్త గుండెకు నరాల సంబంధం తెగిపోతుంది. అందుకే కూర్చున్నా అది నిమిషానికి 90–110 సార్లు కొట్టుకుంటుంది. నడక మొదలెట్టినప్పుడు, రక్తంలో అడ్రినలిన్ వచ్చేదాకా ఆగి మెల్లగా వేగం అందుకుంటుంది. వీళ్లు నెమ్మదిగా మొదలుపెట్టి, నెమ్మదిగానే ఆపాలి.

అవయవ మార్పిడి చేయించుకున్నవారి కోసమే 1978లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ప్రపంచ క్రీడలు మొదలయ్యాయి. మనవాళ్లు పతకాలు తేనక్కర్లేదు, పొలం గట్టు దాకా నడిచి రాగలిగితే చాలు. ఈసారి పరామర్శకు వెళ్తే ఒంటి సంగతి ఎత్తకండి. "ఎంత దూరం నడుస్తున్నావు?" అని అడిగి, వీలైతే తోడుగా నాలుగడుగులు వేయండి.