బాంబు తయారీ ఆట కాదు

‘ఈ పొడి ఏ షాపులో దొరుకుతుంది?’ అని మీ అబ్బాయి పండగ ముందు ఆరా తీస్తున్నాడా? కసురుకోకండి, ఎందుకో అడగండి.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో కార్బైడ్ గన్‌లతో వందమందికి పైగా కళ్లకు గాయాలయ్యాయి. వారిలో ఎక్కువమంది పిల్లలే. కార్బైడ్‌కు నీరు తగిలితే మండే వాయువు పుడుతుంది, మిగిలే సున్నం కంటి నల్లగుడ్డును కాల్చేస్తుంది. పేలలేదని గొట్టంలోకి తొంగిచూస్తే ముఖం మీదే పేలుతుంది. పైగా లైసెన్సు లేకుండా బాణసంచా తయారుచేయడం నేరం.

కంట్లో పడితే నలపనివ్వొద్దు. వెంటనే 20 నిమిషాలు శుభ్రమైన నీటిధారతో కడగండి. చర్మం కాలినా చల్లటి నీళ్లే. పేస్టు, సిరా పూయొద్దు. పత్తికొండ నుంచి కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి దూరం. అందుకే ముందు కడగడం, ఆలోగా ఇంకొకరు 108కు ఫోన్ చేయడం.