ఈతకొలను కట్టుట ఒకనాటి వ్యయము - నడుపుట అనుదిన వ్యయము

ప్రజోపయోగమునకై నిర్మింపబడు ఏ కట్టడమునకైనను రెండు విధములగు వ్యయము లుండును. మొదటిది నిర్మాణ వ్యయము. అది ఒక్కసారి చేయునది. రెండవది నిర్వహణ వ్యయము. అది కట్టడమున్నంత కాలము ప్రతిదినము చేయవలసినది. మొదటిదానికి గ్రాంటులు లభించును, దాతలు ముందుకు వత్తురు, ప్రారంభోత్సవములు జరుగును. రెండవదానిని గూర్చి యోచించువారు అరుదు. ఈ అశ్రద్ధ ఎట్టి చిక్కులకు దారితీయునో తెలిసికొనుటకు ఇంగ్లండులోని ప్రజా ఈతకొలనుల అనుభవము చక్కని ఉదాహరణము. పంచాయతీ సభ్యులకు ఉపయోగపడునను నమ్మకముతో దానిని ఇచ్చట వివరించుచున్నాము.

కొలనులు వెలసిన విధము

1846లో బ్రిటిషు పార్లమెంటు ప్రజా స్నానశాలలను గూర్చి ఒక చట్టము చేసినది. స్థానిక పన్నుల సొమ్ముతో స్నానశాలలను, బట్టలుతుకు శాలలను కట్టుటకు స్థానిక సంస్థలకు దానివలన అధికారము లభించినది. ఇండ్లలో నీటివసతి లేని పేదల పరిశుభ్రతయే దాని ముఖ్యోద్దేశము. కాలక్రమమున ఆ స్నానశాలలే ఈత నేర్చు స్థలములైనవి. ఇంగ్లండు జాతీయ పాఠ్యప్రణాళిక ప్రకారము ప్రాథమిక విద్య ముగియునాటికి పిల్లలు కనీసము 25 మీటర్లు ఈదగలిగి యుండవలెను. స్వంత కొలను లేని పాఠశాలలు ఊరి కొలనునే ఆశ్రయించును. ఈత సంఘములును ఉదయ సాయంకాలములందు అదే కొలనును గంటల లెక్కన అద్దెకు తీసికొని శిక్షణ నిచ్చును.

ఖర్చు ఎచ్చట పుట్టును?

25 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటర్ల లోతు గల కొలనులో 4,50,000 లీటర్ల నీరు పట్టును. ఆ నీటి వేడిమిని ఒక్క డిగ్రీ పెంచుటకే సుమారు 520 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన శక్తి కావలెను. చలిదేశమగుటచే నీటినే గాక, కొలను పైకప్పు క్రింది గాలిని గూడ వెచ్చబరుపవలెను. నీటిని వడగట్టు పంపులు రేయింబవళ్ళు తిరుగవలెను. క్లోరిను కలుపవలెను. ఆపదలో నున్నవారిని రక్షించుటకు శిక్షణ పొందిన కాపలాదారులు గట్టుపై నిలిచి యుండవలెను. ఈదువారు ఐదుగురైనను, ఏబదిమందియైనను ఈ ఖర్చులలో పెద్దగా తేడా యుండదు. రాబడి మాత్రము జనసంఖ్యను బట్టి హెచ్చుతగ్గులు పొందును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

లోటు ఎవరి తలపై పడును?

ఇంగ్లండులో వృద్ధుల సంరక్షణ, శిశు సంరక్షణ మున్నగునవి స్థానిక సంస్థలు చట్టరీత్యా తప్పక చేయవలసిన పనులు. ఈతకొలను నడుపుట అట్టిది కాదు. అది వాటి ఇష్టమునకు వదలబడినది. కావున ఖజానాలో సొమ్ము తరుగునపుడు మొట్టమొదట కోతపడునది ఇట్టి పనులకే. 2020లో కోవిడ్ వ్యాధి వలన కొలనులు మూతపడి రాబడి నిలిచినది. 2022లో ఇంధనపు ధరలు విపరీతముగా పెరిగినవి. 2023లో బ్రిటిషు ప్రభుత్వము ఇంగ్లండులోని కొలనులకు సుమారు 6 కోట్ల పౌండ్ల సహాయము ప్రకటించినది. అందు సుమారు 2 కోట్లు తక్షణ అవసరములకును, 4 కోట్లు ఇంధనమును పొదుపు చేయు ఏర్పాట్లకును ఉద్దేశింపబడినవి.

ఖర్చు పెరిగినపుడు కొలను అద్దె పెరుగును. అద్దె పెరిగినచో ఈత సంఘము తన చందాను పెంచక తప్పదు. చందా పెరుగగనే ముందుగా వెనుదిరుగువారు పేదవారి పిల్లలే. సభ్యులు తగ్గిన కొలది మిగిలినవారిపై భారము మరింత పెరుగును. కొలనే మూతపడినచో, శిక్షకులు ఉచితముగా పనిచేయుచున్నను సంఘము నిలువజాలదు.

నిలుపుకొన్న ఊళ్ళు

లీడ్స్ నగరములోని బ్రామ్లీ స్నానశాల 1904లో ప్రారంభమైనది. నగరపాలక సంస్థ నిధుల కొరతచే దానిని తెరచియుంచు వేళలను కుదింపగా, స్థానికులు ఒక సంఘముగా ఏర్పడి 2013 జనవరిలో దాని నిర్వహణను స్వీకరించిరి. ఎక్స్‌మత్ పట్టణములో 2023లో ఒక చిన్న కంప్యూటరు యంత్రసముదాయమును కొలను చెంత నెలకొల్పి, దానినుండి వెలువడు వేడిమితో నీటిని వెచ్చబరచిరి. ఒకచోట ప్రజల పూనికయు, మరియొకచోట ఖర్చు తగ్గించు ఉపాయమును కొలనును కాపాడినవి. కాని పాతబడిన పైకప్పులను మార్చుటకు పూనిక ఒక్కటియే చాలదు. అందులకు ఏటేట కొంత సొమ్ము కూడబెట్టి యుంచవలెను.

మనము గ్రహింపవలసినది

మన దేశమునకు ఈ విషయముతో సంబంధము లేదని తలపరాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 38 వేలమందికి పైగా నీట మునిగి మరణించిరి. చెరువులు, బావులు, కాలువలు గల గ్రామములలో ఈత నేర్పుట విలాసము కాదు, ప్రాణరక్షణ. ఇందులకు వెచ్చని నీటి కొలనులు అక్కరలేదు. బంగ్లాదేశ్ గ్రామములలో ఊరి కుంటలందే వెదురు వేదికలు కట్టి, శిక్షణ పొందిన స్థానికులచే పిల్లలకు ఈత నేర్పించిరి. నిర్వహణ భారము తక్కువగుటయే ఆ పద్ధతిలోని మేలు.

ఇక కొలనైనను, వ్యాయామశాలయైనను, గ్రంథాలయమైనను నిర్మింపదలచిన పంచాయతీ తీర్మానమునకు ముందే ఈ ప్రశ్నలు వేసికొనవలెను: ఏటేటి ఖర్చు ఎంత? అది ఏ పద్దునుండి వచ్చును? మరమ్మతులకు ఎంత నిలువ యుంచవలెను? రాబడి తగ్గిన సంవత్సరమున ఎవరు ఆదుకొందురు? 2021-26 కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘము సిఫారసు చేసిన గ్రాంటులలో పంచాయతీలు తమ ఇష్టానుసారము వాడుకొనదగిన భాగమును సైతము జీతములకు వెచ్చింపరాదను నియమముండెను. గ్రాంటుతో గోడలు లేచును గాని, గట్టుపై నిలుచు కాపలాదారునికి జీతము స్వంత రాబడినుండియే రావలెనని దీనివలన తేలుచున్నది. ఇంటి పన్ను సక్రమముగా వసూలు చేసికొను పంచాయతీయే తాను కట్టినదానిని నిలుపుకొనగలదు. ఏ కట్టడమునకైనను పునాదిరాయి వేయుటకు ముందు దాని పదేండ్ల ఖర్చుపద్దు వ్రాసికొనుట మేలని మా మనవి.