పిస్తోలు పనితనము

మలక్‌పేట ప్రాంతమున, అస్మాన్‌గఢ్ చెంతనున్న మిట్టపై ఒక రాతి స్తంభము కలదు. దానిపై జె, ఆర్ అను ఆంగ్లాక్షరములు రెండు కానవచ్చును. అది నిజాం కొలువున నుండి 1798 మార్చి 25న మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి. హిందువు లాతనిని మూసారాముడనియు, ముస్లిములు మూసా రహీమనియు పిలిచిరనియు, మూసారాంబాగ్ అను పేరు అట్లే వచ్చినదనియు చెప్పుదురు. సమాధిని చూడబోవువారు ఆతని ప్రతాపమును తలతురే గాని ఆతని ఆయుధముల మాట తలపరు. మేము నేడు ముచ్చటింపబోవునది వానిని గూర్చియే.

నిజాం అలీఖాన్ కొలువున చేరిన తొలినాళ్లలో రేమండ్ వద్ద నున్నవారు 300 మంది. వారి తుపాకులును సొంతవి కావు. తన దేశీయుడైన యొక వర్తకునివద్ద తుపాకికి నెలకు ఎనిమిది అణాల చొప్పున బాడుగకు తెచ్చెనని నాటి ఆంగ్లేయుల వ్రాతలవలన తెలియుచున్నది. అనగా నెలకు 150 రూపాయల బాడుగతో ఒక చిన్న సేన చేత తుపాకి పట్టినది! ఆతడు చనిపోవునాటికి ఆ సేన సుమారు 14,000 అయ్యెను. ఫతేమైదాను దాపున ఫిరంగులు పోతపోయు కార్ఖానా వెలసెను. తోప్ కా సాంచా అనబడిన ఆ చోటునే నేడు గన్‌ఫౌండ్రీ అనుచున్నాము. అచ్చటివారు మంచి ఫిరంగులు పోసిరనియు, పనికివచ్చు తుపాకులు చేసిరనియు పగవారైన ఆంగ్లేయులే ఒప్పుకొనిరి.

ఆ కాలపు సిపాయికి ఫ్రెంచి ఆయుధము మేలా, ఇంగ్లీషు ఆయుధము మేలా, మన దేశమున చేసినది మేలా? పైమెఱుగును చూచి తీర్పు చెప్పరాదు. పిస్తోలు ఎట్లు పేలునో ముందు తెలిసికొనవలెను. మీట నొక్కగానే, గుఱ్ఱము అనబడు భాగము తన కోరలలో పట్టిన చెకుముకి రాతితో ముందున్న ఉక్కుపలకను కొట్టును. నిప్పురవ్వలు గిన్నెలోని రంజకముపై రాలును. ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందునకు తగులును. కమాను మెత్తనైనను, పలక గట్టిదనము తగ్గినను, రంజకము చెమ్మగిల్లినను పిస్తోలు మూగవోవును. అప్పుడు రౌతు ప్రాణము దైవాధీనము.

ఫ్రెంచివారి 1777 నాటి పిస్తోలు చూచుటకు వింతగా నుండును. గొట్టము క్రింద కొయ్య యుండదు. మందుండు భాగమును, మీట యంత్రమును ఒక ఇత్తడి పెట్టెలో ఇమిడియుండును. పిడి మాత్రమే కొయ్య. రంజకపు గిన్నెయు ఇత్తడిదే. ఇత్తడికి ఇనుమువలె త్రుప్పు పట్టదు గనుక, మన వర్షకాలమునకు ఇంతకన్న తగిన యేర్పాటు లేదు. చీలిపోవుటకు కొయ్యయు తక్కువ. 1799లో అమెరికా ప్రభుత్వమునకు నార్త్, చెనీ అనువారు చేసియిచ్చిన పిస్తోలు దీనికి నకలే.

ఇంగ్లీషువారి పిస్తోలున కొయ్య గొట్టము కొసవఱకు సాగును. వారి క్రొత్త మచ్చులో గొట్టము పొడవు 9 అంగుళములు. అందులో మాకు మిక్కిలి నచ్చినది గజము, అనగా మందు దట్టించు కడ్డీ. దానిని గొట్టపు మూతివద్ద కీలుతో బిగించిరి. గుఱ్ఱము పరుగులో నున్నను అది చేజాఱి పడదు. ఫ్రెంచివాని గజము విడిగానుండును. జాఱినచో పిస్తోలు ఒక ఇత్తడి దుడ్డుకఱ్ఱయే!

పెద్ద తుపాకులలో మాత్రము ఫ్రెంచివారి యుక్తి మిన్న. వారు గొట్టమును కొయ్యకు పట్టీలతో బిగింతురు. పట్టీలు జార్చిన గొట్టము చేతికి వచ్చును. ఇంగ్లీషువారు సన్నని చీలలు కొట్టుదురు. మాటిమాటికి వానిని ఊడబెఱికిన కొయ్య చెడును. అయినను ఈస్టిండియా కంపెనీ తనకై చేయించుకొన్న 39 అంగుళముల గొట్టపు తుపాకి మోటైనను గట్టిది. చౌకగా చేయవచ్చునని 1797లో ఇంగ్లండు సర్కారే తన సేనకు దానిని తీసికొనెను.

ఇక మన దేశపు పని. నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కు పారసీకమువఱకు పోయినది. మనవారు ఇనుపపట్టీలను చుట్టి, కాచి అతికిన గొట్టములు మేలైనవి. కొఱత అంతయు కమానులోనే. అందుచేతనే మనవారు రగులుచుండు జామగి త్రాటితో కాల్చు తుపాకిని చాలకాలము విడువలేదు. దానికి బలమైన కమాను అక్కఱలేదు. పల్లెలోని కమ్మరి బాగుచేయగలడు. దీనిని వెనుకబాటు అనువారితో మేము ఏకీభవింపము.

పలుదేశముల సరకు కలిసినచోట మఱియొక చిక్కు కలదు. ఫ్రెంచి తుపాకి గొట్టపు లోవ్యాసము 17.5 మిల్లీమీటర్లు, ఇంగ్లీషుదానిది సుమారు 19. ఫ్రెంచి గుండు ఇంగ్లీషు తుపాకిలో వదులుగానైనను పట్టును. ఇంగ్లీషు గుండు ఫ్రెంచిదానిలో దూరదు. పనితన మెంత గొప్పదైనను సంచిలోని గుండు పట్టనిచో ఏమి ఫలము?

రేమండ్ సేనను ఓడించినది ఆయుధముల లోపము కాదు. 1798 సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సంధి చేసికొనెను. అక్టోబరులో జీతములు బాకీపడిన సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించిరి. 22వ తేదీన ఆంగ్లేయ సేన చుట్టుముట్టగా ఆయుధములు దింపి వెడలిరి.

మన శ్రోతలలో కొందఱి యిండ్లలో తాతలనాటి పిస్తోలు పెట్టె అడుగున నుండవచ్చును. బాగుచేసినను పేలుటకు వీలులేని పురాతన ఆయుధములకు 1959 నాటి ఆయుధముల చట్టమున మినహాయింపు కలదు; బాగుచేసిన పేలునదైనచో లైసెన్సు కావలెను. అంతకన్న ముఖ్యమైనది మఱియొకటి. పూర్వము మందు దట్టించి మఱచిన పిస్తోళ్లు ఉన్నవి. తుపాకిమందు పొడిగానున్న ఏండ్లు గడచినను పేలును. మూతి ఎవరివైపును లేకుండ నుంచి, సన్నని కొయ్యపుల్లను గొట్టములో మెల్లగా జార్చి, మూతివద్ద గుర్తుపెట్టి, వెలికి తీసి గొట్టముపై ఆనించి చూడవలెను. పుల్ల కొస రంజకపు రంధ్రమువఱకు వచ్చినచో గొట్టము ఖాళీ. అంతకు ముందే ఆగినచో లోపల నేదో యున్నదని యెఱిగి, పిల్లలకు అందకుండ నుంచి, మీటను తాకక, నిప్పు దరిచేర్చక, పోలీసు ఠాణాకు తెలుపవలెను.