తీర గోధుమగడ్డి, మన రావణాసురుని మీసాలు

గోధుమకు బంధువైన థైనోపైరమ్ జున్సియం ఐరోపా సముద్రతీరపు ఇసుకలో పెరిగే బహువార్షిక గడ్డి. గ్రీకులో ‘థిన్’ అనగా తీరం, ‘పైరోస్’ అనగా గోధుమ. మన ‘పైరు’తో పోలిక యాదృచ్ఛికమే. ఉప్పునీటి తాకిడిని ఓర్చుకొని, భూగర్భ కాండాలతో ఇసుకను పట్టి, తొలి దిబ్బకు పునాది వేస్తుంది.

రావికమతం చెరకు పొలాలను విడిచి పూడిమడక వైపు తీరానికి దిగిన విద్యార్థికి ఈ గడ్డి కనబడదు. మన తీరంలో ఆ పని చేసేది స్పినిఫెక్స్ లిట్టోరియస్, అనగా రావణాసురుని మీసాలు. వంశరీత్యా ఇది గోధుమకు దూరం; కొర్రకు, సజ్జకు దగ్గర. పాకే కాండం కణుపు కణుపునా వేళ్లూనుతుంది. ఆకులు బిరుసుగా లోనికి చుట్టుకొని ఉన్నందున నీటి నష్టం తక్కువ. ఇసుక కప్పివేసినా చావదు. పైకి కొత్త పిలకలు వేస్తుంది. బాలబంద తీగ దీనికి తోడుగా పెరుగుతుంది.

సూదుల వంటి ఆకుమొనలు కాలికి గుచ్చుకుంటాయని దీన్ని కలుపుగా పెరికించేవారు మన వృత్తిలోనూ లేకపోలేదు. పెరికిన చోట ఇసుక గాలికి లేచి, వెనుకనున్న సరుగుడు నారు మీదికి, జీడిమామిడి తోటలలోనికి నడుస్తుంది.

తిరిగి నాటదలచినవారు ఒకటి గమనించాలి. ఈ గడ్డిలో ఆడ, మగ మొక్కలు వేరు. ఆడ పూగుత్తి ముళ్లబంతి వలె పండి, తెగి, గాలికి దొర్లుతూ గింజలను చల్లుతుంది. ఒకే గుబురు నుండి కోసిన ముక్కలు నాటితే ఇసుక నిలుస్తుంది గాని గింజ కట్టదు. కనుక పూత సమయంలోనే రెండు రకాల గుబురులకూ గుర్తులు పెట్టి, రెండింటి కాండాలనూ కలిపి నాటించాలి.