మండువా ఇంట్లో బొమ్మల ఊరు

ఇన్‌స్టలేషన్ ఆర్ట్ అంటే ఏదో కొత్త సంగతి అనుకుంటాం గానీ, మన బొమ్మల కొలువు అదేగా! ఈ సంక్రాంతికి కొండపల్లిలో అమ్మమ్మ వాళ్ల పాత మండువా ఇంట్లో మెట్లు కట్టలేదు. ఇల్లంతా ఊరు చేసేశా. గడప పక్కన ఎడ్లబండి, గూట్లో దశావతారాలు, స్తంభం మొదట్లో తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు. సున్నపు గోడ రాలుతుందని ఒక్క మేకూ కొట్టలేదు. తెల్లపొణికి చెక్క తేలిక కదా, చిలకలు దూలానికి దారంతోనే వేలాడాయి.

అంబారీ ఏనుగు తొండమే ఊడింది. బొమ్మల కాలనీకి తీసుకెళ్తే, ఓ తాతగారు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి ఎండలో పెట్టారు. డబ్బులు తీసుకోలేదు. కొండల్లో పొణికి చెట్లు తగ్గిపోయాయని, చెక్క కోసం ఎదురుచూడ్డమే పనైపోయిందని మాత్రం అన్నారు.

ఏనుగుని మండువా నడుమ, వెలుగు పడేచోట పెట్టా. అతుకు మీద రంగు వేయించలేదు. పేరంటానికి వచ్చిన పిల్లలు ముందు అక్కడే ఆగారు. "ఏమైంది దీనికి?"